నీటి సంగతి తెలిశాకే ఫిల్టరు

* నల్లా నీటికి ఒక మందు.. బోరు నీటికి మరో మందు
* పరీక్ష లేకుండా యంత్రం కొంటే ఖర్చు తప్పదు, ముప్పు తొలగదు
* ఫ్లోరైడ్ ఉన్నచోట వంట నీరూ ముఖ్యమే

నల్గొండ: జిల్లా కేంద్రంలోని ఒక కాలనీ. ఉదయం పది గంటల వేళ నీటి ఫిల్టర్లు అమ్మే యువకుడొకరు ఇంటింటికీ తిరుగుతున్నాడు. ఒక ఇంటి వరండాలో రెండు గాజు గ్లాసులు పెట్టించి, ఒకదానిలో ఆ ఇంటి నల్లా నీరు, మరోదానిలో తాను వెంట తెచ్చిన సీసా నీరు పోశాడు. ఇనుప కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలో ముంచి కరెంటు ఇచ్చాడు. కొద్దిసేపటికే నల్లా నీరు తుప్పు రంగుకు మారి పైన తెట్టె కట్టింది. సీసా నీరు మాత్రం తేటగానే ఉంది. 'ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగింది ఇదేనమ్మా' అన్నాడు. ఆ మాటతో ఇల్లాలి ముఖం మాడిపోయింది. సాయంత్రానికి ఆ ఇంటి వంటగది గోడకు ఆర్‌ఓ యంత్రం బిగించారు. ఈ విలేకరి ఇంటికి యంత్రం వచ్చింది కూడా సరిగ్గా ఇలాగే.

గ్లాసులో కనిపించిన ఆ రంగు నీటిది కాదు, ఇనుప కడ్డీలది. లవణాలున్న నీటిలో కరెంటు సులభంగా ప్రవహిస్తుంది. ఆ ప్రవాహానికి కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. లవణాలు దాదాపుగా తొలగించిన సీసా నీటిలో కరెంటు సరిగా ప్రవహించదు కాబట్టి రంగు రాదు. అదే సీసా నీటిలో చిటికెడు వంట ఉప్పు కలిపి కడ్డీలు ముంచితే అదీ తుప్పు రంగుకే మారుతుంది. నీటిలో ఫ్లోరైడ్ ఉందో లేదో, రోగకారక క్రిములున్నాయో లేవో ఈ ప్రదర్శన చెప్పదు.

అలాగని నీటిని అనుమానించడం తప్పు కాదు. ఈ జిల్లా ప్రజలకు ఆ అనుమానం అనుభవం నేర్పినదే. నీటిలో ఏముందో తెలుసుకోకుండానే చికిత్సకు పూనుకోవడం వద్దే పొరపాటు జరుగుతోంది.

నల్గొండ నేర్చిన పాఠం

తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించింది తెలుగునేల మీదే. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో, అంటే నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో, వైద్య పరిశోధకులు దీన్ని నమోదు చేశారు. నల్గొండ జిల్లాలోని పరిస్థితిపై డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. పటికతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970 దశకంలో రూపొందించింది. దానికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే స్థిరపడింది. ఒక జిల్లా పేరు ప్రపంచానికి ఈ విధంగా పరిచయం కావడం గర్వపడాల్సిన సంగతేమీ కాదు.

మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని 2003లో ఢిల్లీ తీసుకెళ్లి నాటి ప్రధాని వాజ్‌పేయికి చూపించిన సంఘటన జిల్లావాసులకు గుర్తుండే ఉంటుంది. ఆయన 2023లో కన్నుమూశారు. ఒకసారి వంగిన ఎముకను మళ్లీ నిలబెట్టే మందు లేదు. ఈ జబ్బుకు నివారణే మార్గం.

జిల్లాలోని రాతి పొరల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. భూగర్భ జలం ఆ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్నకొద్దీ ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. అందుకే లోతు బోర్ల నీటిని మరింత అనుమానించాలి. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఉండవు. తియ్యగా ఉన్న బోరు నీటిలోనూ అది ఉండవచ్చు.

నదీ జలం సంగతి వేరు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి వద్ద ఎత్తిపోసిన కృష్ణా నీరు అక్కంపల్లి జలాశయానికి, అక్కడి నుంచి పానగల్లులోని ఉదయసముద్రానికి చేరుతుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నదీ జలాలను పల్లెలకు కూడా అందించే ఏర్పాటు జరిగింది. నది నీటిలో ఫ్లోరైడ్, లవణాలు సాధారణంగా తక్కువ. దానికి వచ్చే ముప్పు బురద, క్రిముల రూపంలో ఉంటుంది.

నల్లాలో వచ్చేదేమిటి?

శుద్ధి కేంద్రంలో నది నీటికి పటిక కలిపి బురదను అడుగుకు దించుతారు. ఇసుక పొరల్లో వడపోస్తారు. చివరగా క్లోరిన్ కలుపుతారు. కేంద్రం గేటు దాటే వేళకు నీరు బాగానే ఉంటుంది. అక్కడి నుంచి మన బిందెలో పడేదాకా సాగే ప్రయాణంలోనే ప్రమాదమంతా ఉంది.

మన పట్టణాల్లో నీరు రోజంతా రాదు. పూటకో, రోజు విడిచి రోజో వదులుతారు. నీరు లేని సమయంలో పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపునకు ఎక్కడైనా చిల్లు ఉండి, పక్కనే మురుగు కాలువ పారుతుంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. నల్లాలకు నేరుగా మోటార్లు బిగించి లాగేవారి వల్ల ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. మోటారు నీటితోపాటు చిల్లుల్లోని మురుగునూ పీలుస్తుంది. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీరు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు చోట్లా జనాన్ని బలిగొన్నది క్రిములే.

నల్లా నీటిలో లేత క్లోరిన్ వాసన వస్తే చాలామంది ముఖం చిట్లిస్తారు. నిజానికి అది మంచి గుర్తు. పైపు చివరి ఇంటి వద్ద కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. నీటిని మూత తీసిన పాత్రలో కొంతసేపు ఉంచితే ఆ వాసన తగ్గుతుంది. క్లోరిన్ వాసన రావాల్సిన నీటిలో మురుగు వాసన వచ్చినా, రంగు మారినా వెంటనే ఆ నీటిని తాగడం మాని పురపాలక సిబ్బందికి తెలపాలి.

పాత ఇనుప పైపులున్న ఇళ్లలో ఉదయం తొలి నీరు తుప్పు రంగులో వస్తుంది. రాత్రంతా పైపులో నిలిచిన నీటిని కొద్దిసేపు వదిలేసి, తేట నీరు వచ్చాక పట్టుకోవాలి. వదిలిన నీరు గిన్నెలు తోమడానికి పనికివస్తుంది.

సంపులో కలిస్తే లెక్క మారుతుంది

పట్టణంలో చాలా ఇళ్లకు నల్లాతోపాటు బోరు కూడా ఉంది. రెండు పైపులూ ఒకే సంపులోకి దిగుతాయి. నల్లా రాని రోజున బోరు వేస్తారు. పై ట్యాంకులోకి ఎక్కేది కృష్ణా నీరో, బోరు నీరో, రెండూ కలిసిన నీరో ఇంట్లో వారికే తెలియదు.

ఈ విలేకరి ఇంట్లో తేలింది ఇదే. యంత్రం బిగించిన కొన్నాళ్లకు నల్లా నీటిని నేరుగా పట్టి పరీక్షకు ఇస్తే కరిగిన లవణాలు లీటరుకు 300 మిల్లీగ్రాముల లోపే ఉన్నాయి. ఫ్లోరైడ్ పరిమితికి లోబడే ఉంది. ఆ నీటికి ఆర్‌ఓ అక్కర్లేదు. వేసవిలో బోరు వేసిన వారంలో వంటగది పంపు నుంచి తీసిన నమూనాలో మాత్రం ఫ్లోరైడ్ పరిమితిని దాటింది. ఆ నీటికి ఆర్‌ఓ తప్పనిసరి. ఒకే ఇల్లు, ఒకే పంపు, రెండు జవాబులు. యంత్రం అమ్మిన వ్యక్తి ఈ రెండింటిలో దేని గురించీ అడగలేదు.

ఏది ఎంతవరకు ఉండవచ్చు?

తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500 పేరుతో 2012లో సవరించిన ప్రమాణాలు విడుదల చేసింది. ఇంటి అవసరానికి తెలుసుకోవాల్సినవి కొన్ని ఇవి. పరిమాణాలు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే గరిష్ఠ పరిమితిని అనుమతిస్తారు.

* ఫ్లోరైడ్: 1.0. గరిష్ఠం 1.5
* కరిగిన లవణాలు (టీడీఎస్): 500. గరిష్ఠం 2000
* కఠినత్వం: 200. గరిష్ఠం 600
* క్లోరైడ్: 250. గరిష్ఠం 1000
* నైట్రేట్: 45. దీనికి మినహాయింపు లేదు
* పీహెచ్: 6.5 నుంచి 8.5 మధ్య
* ఈ-కోలి క్రిములు: 100 మిల్లీలీటర్ల నమూనాలో ఒక్కటి కూడా ఉండరాదు

కఠినత్వం ఎక్కువైతే సబ్బు నురగ రాదు, పప్పు త్వరగా ఉడకదు, గిన్నెలకు తెల్లటి పొర కడుతుంది. ఇబ్బందే గానీ ఫ్లోరైడ్ వంటి ప్రమాదం కాదు. నైట్రేట్ ఎరువుల నుంచి, మరుగుదొడ్ల గుంతల నుంచి బోర్లలోకి దిగుతుంది. డబ్బాపాలు తాగే పసికందులకు ఇది చాలా ప్రమాదకరం. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గి బిడ్డ ఒళ్లు నీలిరంగుకు మారుతుంది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లు ఫ్లోరైడ్ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారయ్యే వయసది. అప్పుడు తాగిన నీటి ఫలితం పళ్ల మీద మచ్చలు, గారల రూపంలో జీవితాంతం మిగులుతుంది.

పరీక్ష ఎక్కడ? ఎలా?

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా స్థాయిలో నీటి పరీక్షా కేంద్రాలున్నాయి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనూ నీటిని పరీక్షిస్తారు. రుసుము, నమూనా స్వీకరించే వేళలు ముందుగా తెలుసుకుని వెళ్లడం మంచిది. నమూనా సరిగా తీయకపోతే ఫలితానికి విలువ ఉండదు.

* రసాయన పరీక్షకు శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. పరీక్షించాల్సిన నీటితోనే మూడుసార్లు కడిగి నింపాలి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దు.
* బోరు అయితే ఐదు నిమిషాలు నడిపాకే నీరు పట్టాలి.
* నల్లా నీరు, బోరు నీరు, వంటగది పంపు నీరు వేర్వేరు సీసాల్లో పట్టి, దేనిపై ఏదో రాయాలి.
* క్రిముల పరీక్షకు పరీక్షా కేంద్రం ఇచ్చే శుద్ధి చేసిన సీసానే వాడాలి. చల్లగా ఉంచి అదే రోజు అందజేయాలి.
* వేసవి చివర ఒకసారి, వానలు పడ్డాక మరోసారి చేయిస్తే ఏడాది పొడవునా నీటి తీరు తెలుస్తుంది.

పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ మీటరు ఇప్పుడు చాలామంది చేతుల్లో కనిపిస్తోంది. నీటిలో కరెంటు ప్రవహించే తీరును బట్టి అది మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో, నైట్రేట్ ఎంతో చెప్పలేదు. క్రిములను అసలే పట్టుకోలేదు. మురుగు కలిసిన నీరు కూడా మీటరులో 300 చూపవచ్చు. ఆర్‌ఓ యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మాత్రం అది బాగా పనికివస్తుంది.

ఏ ఫిల్టరు ఏం చేస్తుంది?

కాచడం: అన్నింటికన్నా పాత పద్ధతి. నీరు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే రోగకారక క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, లవణాలు మాత్రం పోవు. ఆవిరైన నీటి మేరకు అవి కొద్దిగా చిక్కబడతాయి కూడా. ఫ్లోరైడ్ నీటిని కాచి తాగితే సరిపోతుందన్న నమ్మకం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. అది తప్పు.

క్యాండిల్ ఫిల్టరు: మట్టి, తుప్పు, చాలా రకాల బాక్టీరియాను ఆపుతుంది. వైరస్‌లు దాటిపోతాయి. కరెంటు అక్కర్లేదు. క్యాండిల్‌ను సబ్బు లేకుండా మెత్తటి బ్రష్‌తో కడగాలి. పగుళ్లు వస్తే మార్చేయాలి.

కార్బన్ ఫిల్టరు: క్లోరిన్ వాసనను, కొన్ని పురుగుమందుల అవశేషాలను పీల్చుకుంటుంది. క్రిములను చంపదు. గడువు దాటితే దానిలోనే క్రిములు పెరుగుతాయి. ఒంటరిగా కాక ఇతర ఫిల్టర్లతో కలిపే వాడతారు.

యూవీ: అతినీలలోహిత కిరణాలతో క్రిములను నిర్వీర్యం చేస్తుంది. నీరు తేటగా ఉంటేనే పనిచేస్తుంది. మడ్డి నీటిలో కిరణాలు లోపలికి చేరవు. కరెంటు ఉండాలి. దీపం వెలుగుతున్నట్లే కనిపించినా ఏడాది వాడకం తర్వాత శక్తి తగ్గుతుంది, మార్చాలి.

యూఎఫ్: అతి సన్నని రంధ్రాల గొట్టాల గుండా నీటిని వడపోస్తుంది. బురదను, బాక్టీరియాను ఆపుతుంది. తగినంత ఒత్తిడి ఉంటే కరెంటు లేకుండా పనిచేస్తుంది. కరిగిన లవణాలు, ఫ్లోరైడ్ మీద దీని ప్రభావం లేదు.

ఆర్‌ఓ: మోటారు ఒత్తిడితో నీటిని పలచటి పొర గుండా పంపుతుంది. లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేట్, భార లోహాలను చాలావరకు తొలగిస్తుంది. పొర మంచిగా ఉన్నంతకాలం ఫ్లోరైడ్‌లో పదింట తొమ్మిది వంతుల వరకు తగ్గుతుంది. కరెంటు, నీటి వృథా, నిర్వహణ ఖర్చు దీని భారం.

యాక్టివేటెడ్ అల్యూమినా: ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే గుళికలున్న ఫిల్టరు. నీటి వృథా ఉండదు, కరెంటూ వద్దు. కొంతకాలానికి గుళికలు నిండిపోతాయి. వాటికి రసాయనాలతో మళ్లీ శక్తి తెప్పించాలి. ఆ సేవ అందుబాటులో ఉంటేనే కొనాలి. లేకపోతే ఫిల్టరు ఉందన్న ధైర్యంతో ఫ్లోరైడ్ నీరే తాగుతుంటాం.

మీ నీటికి ఏది?

* నల్లా నీరు మాత్రమే వాడుతూ, లవణాలు 500 లోపు, ఫ్లోరైడ్ 1 లోపు ఉంటే: యూవీ లేదా యూఎఫ్ చాలు. కొనే స్తోమత లేనివారికి గుడ్డతో వడపోసి కాచిన నీరు ఏ యంత్రానికీ తీసిపోదు.
* బోరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 దాటితే: ముందు నదీ జలం దొరికే మార్గం చూడాలి. లేకపోతే ఆర్‌ఓ, లేదా సేవ అందుబాటులో ఉన్న అల్యూమినా ఫిల్టరు.
* నైట్రేట్ 45 దాటితే: ఆర్‌ఓ. పసిపిల్లలకు ఆ బోరు నీరు కాచినా పట్టరాదు.
* కఠినత్వం మాత్రమే ఎక్కువైతే: గరిష్ఠ పరిమితి లోపు ఉన్నంతవరకు భయం అక్కర్లేదు. రుచి బాగోలేదనుకుంటే ఆర్‌ఓ గురించి ఆలోచించవచ్చు.
* నల్లా, బోరు సంపులో కలుస్తుంటే: యంత్రం కొనేముందు రెండింటినీ విడదీయడం సాధ్యమేమో చూడాలి.

ఆర్‌ఓ కొనేవారు చూడాల్సినవి

ఇళ్లలో వాడే యంత్రాలు చాలావరకు ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్ల వరకు బయటకు వదిలేస్తాయి. ఐదుగురున్న కుటుంబానికి తాగడానికి, వంటకు రోజుకు 25 లీటర్లు కావాలనుకుంటే వృథాగా పోయేది 75 లీటర్లు. నెలకు 2,250 లీటర్లు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే పట్టణంలో ఇది చిన్న సంగతి కాదు. లవణాలు 500 కన్నా తక్కువ ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించడానికి ఈ వృథా కూడా ఒక కారణం.

బయటకు పోయే నీటిలో లవణాలు, ఫ్లోరైడ్ అసలు నీటికన్నా చిక్కగా ఉంటాయి. మూడొంతులు వృథాగా పోయే యంత్రంలో అవి దాదాపు మూడో వంతు మేర పెరుగుతాయి. ఆ నీటిని బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవచ్చు. తాగడానికి, వంటకు, పశువులకు వాడరాదు.

ఇక మన జిల్లాలో ఎవరూ చెప్పని ముఖ్య విషయం ఒకటుంది. కొన్ని యంత్రాల్లో 'టీడీఎస్ కంట్రోలర్' అనే చిన్న మర ఉంటుంది. నీరు మరీ చప్పగా ఉందంటే మెకానిక్ దాన్ని కాస్త తిప్పుతాడు. రుచి వస్తుంది. ఆ మర చేసే పనల్లా పొర గుండా వెళ్లని అసలు నీటిని కొంత మంచినీటిలో కలపడమే. నది నీరైతే ఇబ్బంది లేదు. బోరు నీటిలో ఫ్లోరైడ్ 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. నాలుగో వంతు అసలు నీరు కలిస్తే ఆ వాటాతోనే గ్లాసులోకి 1 మిల్లీగ్రాము తిరిగి వచ్చేస్తుంది. ఫ్లోరైడ్ కోసం కొన్న యంత్రం ఫ్లోరైడ్‌నే పోస్తుంది. ఫ్లోరైడ్ బోర్లున్న ఇళ్లలో ఈ మరను పూర్తిగా మూసి ఉంచాలి. రుచి కోసం ఖనిజ లవణాల గుళికలున్న గొట్టం అమర్చుకోవచ్చు.

కొనేటప్పుడు దుకాణదారుని ఈ ప్రశ్నలు అడగాలి:

* ఐఎస్ఐ గుర్తు ఉందా? ఇళ్లలో వాడే ఆర్‌ఓ యంత్రాలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 16240. యూవీ యంత్రాలకు ఐఎస్ 14724.
* లీటరు మంచినీటికి ఎంత నీరు వృథా అవుతుంది?
* పొర, కార్బన్, దీపం ఎన్నాళ్లకోసారి మార్చాలి? ఒక్కోదాని ధర ఎంత?
* ఏడాది నిర్వహణ ఒప్పందంలో పొర ఖర్చు కలుస్తుందా?
* మెకానిక్ మన ఊళ్లోనే ఉంటాడా, హైదరాబాద్ నుంచి రావాలా?

యంత్రం ధర ఒక్కసారి పెట్టేది. విడిభాగాల ఖర్చు ఏటా ఉండేది. రెండూ కలిపి లెక్క వేసుకున్నాకే అడుగు వేయాలి. బిగించిన రోజు టీడీఎస్ మీటరుతో లోపలికి వెళ్లే నీరు, బయటకు వచ్చే నీరు కొలిచి యంత్రం పక్కనే గోడ మీద రాసుకోవాలి. తర్వాత నెలకోసారి కొలవాలి. బయటకు వచ్చే అంకె పెరుగుతూ పోతే పొర దెబ్బతింటున్నట్లే. ఫ్లోరైడ్ నీరున్నవారు ఏడాదికోసారి యంత్రం నుంచి వచ్చిన నీటినీ పరీక్ష చేయించాలి.

కొన్నాళ్లు ఊరెళ్లి వచ్చాక యంత్రం ట్యాంకులో నిలిచిన నీరు తాగరాదు. దాన్ని వదిలేసి, మరో ట్యాంకు నింపి వదిలాకే వాడుకోవాలి.

తాగేది ఒక నీరు.. వండేది మరో నీరు

చాలా ఇళ్లలో ఫిల్టరు నీరు గ్లాసుల వరకే. అన్నం, పప్పు, చాయ్ మాత్రం బోరు నీటితోనే. క్రిముల విషయంలో దీనివల్ల పెద్దగా నష్టం లేదు. పొయ్యి మీద క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు. గంజి వంచకుండా వండే అన్నం పోసిన నీటినంతా పీల్చుకుంటుంది. పప్పులో, చారులో పోసిన నీరూ కడుపులోకే వెళ్తుంది. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. దానికి ఫ్లోరైడ్ నీరు తోడైతే చెప్పేదేముంది? ఫ్లోరైడ్ ఉన్న ఇంట్లో తాగునీరు, వంటనీరు ఒకటే కావాలి. యంత్రం సామర్థ్యం ఎంచుకునేటప్పుడే వంటనీటినీ లెక్కలోకి తీసుకోవాలి.

వీధి చివర ప్లాంటు నుంచి 20 లీటర్ల డబ్బా తెప్పించుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. ప్లాంటులో శుద్ధి ఎలా ఉన్నా, డబ్బాను కడగకపోతే, మూత లేకుండా తెస్తే నీరు మళ్లీ కలుషితమవుతుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షా పత్రం చూపమని అడిగే హక్కు డబ్బు చెల్లించే వినియోగదారుకు ఉంది.

నిల్వలోనూ జాగ్రత్త

ఎంత మంచి ఫిల్టరు ఉన్నా చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తే ప్రయోజనం సున్నా. బిందెకు మూత, పొడవు కాడ ఉన్న ముంత, లేదా అడుగున పంపు ఉన్న పాత్ర వాడాలి. సంపును, పై ట్యాంకును ఏడాదికి కనీసం రెండుసార్లు కడిగించాలి. సంపు మూత నేలమట్టానికి ఎత్తుగా ఉంటే వాననీరు, మురుగు దిగవు. వానాకాలంలో నీటిపై అనుమానం వస్తే ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే క్లోరిన్ మాత్రను ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం వేసి, అరగంట ఆగి తాగాలి.

ఈ విలేకరి ఇంటి సంగతి ఒక్కటి చెప్పి ముగించాలి. పరీక్షా ఫలితాలు చేతికొచ్చాక ప్లంబరును పిలిపించి, నల్లా పైపు నుంచి వంటగదికి సంపుతో సంబంధం లేకుండా వేరే పైపు వేయించాం. వంటగదిలో మూత ఉన్న డ్రమ్ము పెట్టాం. తాగడానికి, వంటకు ఆ నీరే. తాగే నీటిని కాచుకుంటున్నాం. నల్లా రాని రోజుల్లో మాత్రమే, కంట్రోలర్ మూసిన ఆర్‌ఓ యంత్రం పనిచేస్తుంది. పైపునకైన ఖర్చు యంత్రం ధరలో చిన్న భాగం. రెండు సీసాల నీళ్లు పరీక్షకు ముందే ఇచ్చి ఉంటే, ఆ యంత్రం కొనాలో వద్దో మేమే నిర్ణయించుకునేవాళ్లం. ఇనుప కడ్డీల గ్లాసు మా తరఫున నిర్ణయించేది కాదు.